పాత రికార్డుల కొత్త ప్రతులు

"రిమాస్టర్డ్" అనే మాట ఇప్పుడు పాత రాక్ సంగీతానికి ఇంటిపేరైపోయింది. 1960లలోను, 70లలోను ఇంగ్లండులో, అమెరికాలో వెలువడిన పేరున్న రికార్డు దేన్ని వెతికినా, పేరు పక్కన ఈ మాట, దాని పక్కన ఒక సంవత్సరం కనిపిస్తాయి. కొన్నింటికి ఇలాంటి సంవత్సరాలు రెండూ మూడూ కూడా వున్నాయి. లెడ్ జెప్లిన్ బృందం పాటలను 1990లో ఒకసారి రిమాస్టరు చేశారు. 2014లో మొదలుపెట్టి రికార్డులన్నిటినీ మళ్లీ చేశారు. రెండుసార్లూ ఆ బృందపు గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించినవే. మొదటిసారి చేసింది సరి అయినదైతే రెండోసారి ఎందుకు చేయవలసి వచ్చింది? రెండోసారి చేసిందే సరి అయినదైతే, మొదటిసారి కొనుక్కున్న వాళ్లకు అమ్మిన సరుకేమిటి? ఇవి కొంటె ప్రశ్నలు కావు. వీటికి జవాబు కోసం నేను కొన్ని నెలలపాటు కొన్ని రికార్డుల వేరువేరు ప్రతులను ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని విన్నాను.

"ఇంగ్లీషువాడి డోలు గట్టిగా మోగితే నీకేం, మెల్లిగా మోగితే నీకేం?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన విమర్శకుడు. శిల్పం సంగతి ఎత్తితే ఆయనకు చిరాకు. నేనన్నాను: "ఒక కవి పద్యాలను అచ్చువేసే కంపెనీ, అందులోని లఘువులన్నిటినీ గురువులుగా మార్చి, 'మెరుగుపరిచిన ప్రతి' అని అట్టమీద వేసి రెట్టింపు ధరకు అమ్మిందనుకో. నువ్వు ఊరుకుంటావా?" ఊరుకోనన్నాడు. ఇది కూడా అలాంటిదే అన్నాను. అచ్చంగా అలాంటిదే కాదని నాకూ తెలుసు. ఎంతవరకు అలాంటిదో తేల్చుకోవాలనే ఈ శ్రమ.

నేను సంగీతశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాలేజీలో తెలుగు చెప్పి బతికేవాణ్ణి. అంచేత రికార్డుల విషయంలో కూడా నాకు చేతనయింది పాఠాలు పోల్చి చూడడం ఒక్కటే. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించడానికి ముందు బ్రౌను దొర అనేక రాతప్రతులు తెప్పించుకుని పోల్చి చూశాడు. ప్రతి ప్రతిలోను లేఖకుడి చేతివాటం వుంటుంది, అతడికి ముందటి లేఖకుడి చేతివాటం వుంటుంది. పరిష్కర్త ఇదే అసలు పాఠమని దేన్ని నిలిపినా, అందులో అతని ఎంపిక వుండి తీరుతుంది. మంచి పరిష్కర్త ఆ సంగతి పీఠికలో ఒప్పుకుంటాడు. రికార్డు కంపెనీలు ఒప్పుకోవు. "రిమాస్టర్డ్" అన్న మాట వినడానికి మసి పట్టిన చిమ్నీని తుడిచి పెట్టినట్టు వుంటుంది. దీపం అదే, వెలుగు మాత్రం బాగా కనిపిస్తుందన్న భావం. వ్యవహారం అంత సులువైనది కాదు.

స్టూడియోలో పాడిందీ వాయించిందీ అనేక పాయలుగా టేపుమీద పడుతుంది. ఆ పాయలను తగిన పాళ్లలో కలపడం మిక్సింగు. అలా కలిపిన టేపును అమ్మకపు సరుకుగా మార్చేముందు, ఏ పాట ఎంత గట్టిగా వుండాలో, మంద్రధ్వనులు ఎంత, తారధ్వనులు ఎంత వుండాలో సరిచేసే ఆఖరి పని మాస్టరింగు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది ఫారాలు కట్టే మనిషి వంటివాడు ఈ పని చేసే ఇంజనీరు. పాఠకుడికి అతని పేరు తెలియదు, అతని చెయ్యి పడని పుట వుండదు.

లాంగ్‌ప్లే రికార్డుల కాలంలో ఈ ఇంజనీరుకు యజమాని కంటె పెద్ద యజమాని ఒకటి వుండేది. అది గాడి. మంద్రధ్వని ఎక్కువైతే గాడి అటూ ఇటూ బాగా ఊగుతుంది. ఊగిన గాడి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు ఆక్రమిస్తే ఒక వైపున పట్టే నిమిషాలు తగ్గుతాయి. చవకరకపు గ్రామఫోనుమీద ముల్లు గాడిలోంచి ఎగిరి పడవచ్చు కూడా. 1969లో "లెడ్ జెప్లిన్ టూ" వెలువడినప్పుడు రాబర్ట్ లడ్విగ్ అనే ఇంజనీరు గాడిని గట్టిగా, నిండుగా కోశాడు. ఆ రికార్డు కంపెనీ అధిపతి కూతురి గ్రామఫోనుమీద ముల్లు ఎగిరిందనీ, దానితో కంపెనీవారు మంద్రధ్వని తగ్గించి మరొక ప్రతి కోయించారనీ ఆ లడ్విగే తరువాత చెప్పాడు. తరువాత చాల ఏళ్లపాటు లోకం విన్నది ఆ తగ్గించిన ప్రతిని. మొదటి ప్రతులమీద పాట అయిపోయిన తరువాత వుండే ఖాళీ జాగాలో అతని పొడి అక్షరాలు గీసి వుంటాయి. సేకరణ పిచ్చి వున్నవాళ్లు భూతద్దం పెట్టి ఆ రెండక్షరాలకోసం వెతుకుతారు.

లండనులోని ఈఎంఐ స్టూడియోలో కూడా ఇదే భయం. అమెరికా రికార్డుల్లో వినిపించినంత మంద్రం మన రికార్డుల్లో ఎందుకు వినిపించదని బీటిల్స్ బృందంవారు అక్కడి ఇంజనీర్లను నిలదీసేవారు. 1966లో "పేపర్‌బ్యాక్ రైటర్" అన్న చిన్న రికార్డుకుగాని వారు అడిగిన మంద్రం సరిగా దక్కలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "అసలు రికార్డు" అని మనం భక్తితో పట్టుకునేది కూడా అప్పటి గాడి, అప్పటి ముల్లు, అప్పటి అమ్మకాల లెక్క కలిసి తయారు చేసిందే. టేపులో వున్నదీ, రికార్డులో విన్నదీ మొదటినుంచీ ఒకటి కావు. పాతదే పవిత్రం అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

అంచేత రిమాస్టరు అనగానే మోసం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 1982లో సీడీలు వచ్చాయి. పాత సరుకునంతా సీడీల్లోకి ఎక్కించి తొందరగా అమ్ముకోవాలన్న ఆత్రంలో కంపెనీలు అసలు టేపులు వెతికే ఓపిక లేక, గాడి కోతకు అనువుగా సరిచేసి పెట్టుకున్న నకళ్లనే చాలసార్లు వాడేశాయి. గాడికోసం చేసిన సవరణలు గాడి లేని చోట వినిపిస్తే ఎలా వుంటుంది? పంటికట్టుకు అలవాటుపడ్డ నోరు కట్టు తీసేసి మాట్లాడినట్టు వుంటుంది. అసలు టేపు వెతికి పట్టుకుని, దాన్ని శ్రద్ధగా తిరిగి ఎక్కించిన చోట రిమాస్టరు మేలే చేసింది.

అన్నిటికంటె విచిత్రమైన ఉదాహరణ రోలింగ్ స్టోన్స్ వారి "బెగర్స్ బాంక్వెట్". ఈ రికార్డు 1968 డిసెంబరులో వచ్చింది. మాస్టరింగులో జరిగిన ఒక పొరపాటువల్ల అందులోని పాటలన్నీ అసలు వాయించిన వేగంకంటె కాస్త నెమ్మదిగా పడ్డాయి. వేగం తగ్గితే శ్రుతి కూడా దిగుతుంది. ఈ సంగతిని 2002లో వచ్చిన రిమాస్టరులోగాని దిద్దలేదు. 34 సంవత్సరాలపాటు వాళ్లు వాయించిన వేగంలో వాళ్ల పాట ఎవరూ వినలేదన్నమాట. ఇలాంటి దిద్దుబాటును పరిష్కరణ అని నిస్సందేహంగా అనవచ్చు.

కాని 1990ల మధ్యనుంచి రిమాస్టరు పేరుతో జరిగిన పని ఎక్కువ భాగం ఇలాంటిది కాదు. పాటను గట్టిగా చేయడం జరిగింది. చెవిలో ఒక బలహీనత వుంది. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి ఏ కొంచెమో గట్టిగా వినిపిస్తే, గట్టిగా వుందని చెవి చెప్పదు, బాగుందని చెబుతుంది. ధ్వని హెచ్చితే మంద్రమూ తారమూ రెండూ నిండుగా తోస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. దుకాణంలో కొత్త ప్రతిని పాతదాని పక్కన వినిపిస్తే కొత్తది గెలవడానికి ఇంతకంటె వేరే నైపుణ్యం అక్కరలేదు.

గట్టితనానికి హద్దు లేకపోతే బాధ లేదు. సీడీకి ఒక పైకప్పు వుంది. దాన్ని దాటి ధ్వని పోలేదు. ఆ కప్పు కింద, చిన్న సవ్వడికీ పెద్ద మోతకూ మధ్య సుమారు 96 డెసిబెల్ల వ్యత్యాసం పట్టేంత చోటుంది. లాంగ్‌ప్లే రికార్డులో అంత చోటు ఎన్నడూ లేదు. ఇంత విశాలమైన ఇల్లు చేతికి వచ్చిన తరువాత కంపెనీలు ఏం చేశాయంటే, ఇంటిల్లిపాదినీ అటకమీదికి ఎక్కించాయి. డోలుమీద కర్ర పడ్డ ఆ క్షణంలో లేచే శిఖరాన్ని నరికేసి, మిగిలినదాన్నంతా కప్పుదాకా ఎత్తాయి. దానితో మెల్లిగా పాడిన చరణమూ, గొంతెత్తి పాడిన పల్లవీ ఒకే ఎత్తున నిలబడ్డాయి. లఘువులన్నీ గురువులైపోయాయని నేను మిత్రుడితో అన్నది దీన్ని గురించే. గురులఘు భేదం పోయిన తరువాత ఛందస్సు ఎక్కడ వుంటుంది? శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు కట్టించిన వాళ్లకు ఈ సంగతి తెలుసు. ఎదుటి వీధివాడు సౌండు పెంచితే మనవాడూ పెంచుతాడు. తొమ్మిది రాత్రులు గడిచేసరికి ఏ పందిట్లోనూ హరికథ ఒక్క ముక్క అర్థం కాదు.

ఎవరి సరుకు వాళ్లు ఎదుటివాడి కంటె గట్టిగా వినిపించాలనుకోవడం అంగడి న్యాయం. కాని కళాకారుడే స్వయంగా ఈ పని చేస్తే? స్టూజెస్ బృందంవారి "రా పవర్" 1973లో డేవిడ్ బౌవీ మిక్సింగుతో వెలువడింది. 1997లో ఆ బృందపు గాయకుడు ఇగ్గీ పాప్ తానే కూర్చుని పాయలన్నీ మళ్లీ కలిపి కొత్త ప్రతి తయారు చేశాడు. అంత భీకరంగా గట్టిగా వుండే సీడీలు చాల కొద్ది. కర్త చేసిందే గనక అదే ప్రమాణం అనవలసి వస్తుందా? కవి తొలినాటి కావ్యాన్ని నడివయసులో తిరగరాస్తే, తిరగరాసినదాన్ని కూడా చదువుతాం. మొదటిదాన్ని మాత్రం తగలబెట్టం. 2010లో బౌవీ మిక్సు మళ్లీ దొరికే ఏర్పాటు జరిగింది. రెండూ వున్నాయి గనక పేచీ లేదు.

రష్ అనే కెనడా బృందం 2002లో "వేపర్ ట్రెయిల్స్" వెలువరించింది. ఆ రికార్డు గట్టితనంవల్ల ఎంతగా చెడిపోయిందంటే, 2013లో దాన్ని మళ్లీ మిక్సు చేయించి, "రీమిక్స్‌డ్" అని పేరుపెట్టి అమ్మారు. 1960లనాటి టేపు నాణ్యం లేనిదని రిమాస్టరు చేశారంటే అర్థం చేసుకోవచ్చు. ఈ శతాబ్దంలో, అన్ని సదుపాయాలూ చేతిలో వుండగా తామే చెడగొట్టినదాన్ని తామే బాగుచేసి తిరిగి అమ్మడాన్ని ఏమనాలి?

ఇక నా పరీక్షల సంగతి. మా కాలేజీలో భౌతికశాస్త్రం చదివే కుర్రాడొకడు నాకు తోడు దొరికాడు. అతను చేసిన మొదటి పని, రెండు ప్రతుల సగటు ధ్వనినీ కంప్యూటరుమీద కొలిచి సమం చేయడం. రెండో పని, వాటి పేర్లు దాచేసి "ఒకటి", "రెండు" అని మాత్రమే చెప్పడం. ఈ రెండూ చేయకుండా రిమాస్టర్లను గురించి వచ్చే తీర్పులు ఎన్ని చదివినా ఉపయోగం లేదని నా అభిప్రాయం. ధర తెలిసి చూసినప్పుడు చీరె రంగు కూడా మారుతుంది.

ధ్వని సమం చేయకముందు బీటిల్స్ వారి "అబీ రోడ్" పెట్టాం. 1987 సీడీకీ 2009 రిమాస్టరుకూ పోటీ అయితే విన్న నలుగురమూ 2009నే కోరాం. సమం చేసి, పేరు దాచి వినిపించేసరికి ఏకాభిప్రాయం చెదిరిపోయింది. తేడా లేకపోలేదు. 2009 ప్రతిలో బాస్ గిటారు ఒడ్డుకు కాస్త దగ్గరగా వచ్చి కూర్చున్నట్టుంది. కాని ముందు మమ్మల్ని ముగ్ధుల్ని చేసిన తేడాలో పెద్దపాలు ఉత్త గట్టితనమేనని తేలింది. లండనులో ఒక బృందం నాలుగేళ్లు కష్టపడి చేసిన పని అది. గట్టితనాన్ని కూడా ఇతరులతో పోలిస్తే చాల పొదుపుగా వాడారు. అలాంటిచోటే ఇలా వుంటే తక్కినవాటి మాట చెప్పనక్కర లేదు.

"వేపర్ ట్రెయిల్స్" దగ్గర ఫలితం తారుమారైంది. సమం చేయకముందు 2002 ప్రతి మీదికి దూకినట్టుండేది. సమం చేసేసరికి అదే ప్రతి గోడకు అంటించిన పోస్టరులా చదునై పోయింది. మూడో పాటకల్లా కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేశాడు. "మాస్టారూ, ఇది వింటుంటే ఎవరో మొహంలో మొహం పెట్టి మాట్లాడుతున్నట్టుందండీ. మాట వినాలనిపించడం లేదు, కొంచెం వెనక్కి జరగమనాలనిపిస్తోంది" అన్నాడు. విమర్శకులు పుటలకు పుటలు రాసిన విషయం అది.

గట్టితనాన్ని తిట్టేవాళ్లందరి చెవులూ గొప్పవని మాత్రం నేననుకోను. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ అసలు టేపునుంచి కోసినవని చెప్పుకుంటూ ఖరీదైన లాంగ్‌ప్లే రికార్డులు అమ్ముతూ వచ్చింది. కంప్యూటరు తగలని శుద్ధమైన ధ్వని అని కొన్నవాళ్లు మురిసిపోయారు. ఆ కోతకు ముందు టేపును అంకెల్లోకి మార్చే మెట్టు ఒకటి పదేళ్లకు పైగా వుంటూ వచ్చిందని 2022లో బయటపడింది. కోర్టులో వ్యాజ్యం పడి, కొన్నవాళ్లు వాపసు కోరుకునే వీలుతో రాజీ అయింది. కంపెనీ చేసింది తప్పా కాదా అన్నది అలా వుంచండి. అంకెలు సోకితే సంగీతం చచ్చిపోతుందని ఆ పదేళ్లూ ప్రవచనాలు చెప్పినవాళ్లలో ఒక్కరైనా చెవితో విని ఈ మెట్టును పసిగట్టలేదు. పైగా ఆ రికార్డులనే శుద్ధమైన ధ్వనికి నమూనాలుగా చూపారు. వాళ్లు విన్నది ధ్వనిని కాదు, అట్టను, ధరను. శుద్ధ శ్రోత్రియత్వం ఎక్కడైనా ఒకటే.

ధ్వనికంటె లోతైన మార్పులు మరికొన్ని వున్నాయి. బీటిల్స్ వారి "సార్జెంట్ పెప్పర్" 1967లో రెండు రూపాల్లో వచ్చింది: ఒకే స్పీకరుకు సరిపోయే మోనో, రెండు స్పీకర్ల స్టీరియో. ఇంగ్లండులో అప్పటికి ఎక్కువమంది ఇళ్లలో వున్నది ఒకే స్పీకరు. అంచేత బృందంవారు దగ్గర కూర్చుని శ్రద్ధగా చేయించుకున్నది మోనో. స్టీరియోను వాళ్లు లేకుండా ఇంజనీర్లు త్వరగా ముగించారు. "షీ ఈజ్ లీవింగ్ హోమ్" మోనోలో ఒక వేగం, ఒక శ్రుతి. స్టీరియోలో అదే పాట నెమ్మదిగా, కింది శ్రుతిలో నడుస్తుంది. తరువాత మోనో గ్రామఫోన్లు పోయాయి, మోనో రికార్డులూ పోయాయి. 2009లో మోనో పెట్టె వచ్చేదాకా రెండు మూడు తరాలవాళ్లు తొందరలో కలిపిన పాఠాన్నే మూలమనుకుని విన్నారు. 2017లో నిర్మాత కొడుకు జైల్స్ మార్టిన్ తొలి టేపులు తీసి, మోనోను దృష్టిలో పెట్టుకుని స్టీరియోను కొత్తగా కలిపాడు. నాకు అది నచ్చింది. అయితే దాన్ని వ్యాఖ్యానం అనాలి. మూలమని పిలవకూడదు. "రబ్బర్ సోల్" విషయంలో ఇంకా తమాషా. 1987 సీడీకోసం జార్జ్ మార్టిన్ ఆ స్టీరియోను మళ్లీ కలిపాడు. 2009 స్టీరియో రిమాస్టరు ఆ రెండో కలయికకే. 1965లో స్టీరియో రికార్డు కొన్నవాడు విన్నది అందులో లేదు.

ఇంతకుమించిన దారుణం ఆజీ ఆస్బర్న్ రికార్డుల్లో జరిగింది. "బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్" 1980 నాటిది, "డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్" 1981 నాటిది. వాటిలో బాస్ వాయించినవాడు బాబ్ డెయిజ్లీ, డ్రమ్ములు వాయించినవాడు లీ కెర్స్‌లేక్. వారికి రావలసిన ప్రతిఫలాన్ని గురించీ, పేర్లను గురించీ వ్యాజ్యాలు నడిచాయి. 2002లో రిమాస్టర్లు వచ్చాయి. వాటిలో ఆ ఇద్దరి వాద్యాన్నీ తుడిచేసి, ఆ చోట వేరే ఇద్దరిచేత కొత్తగా వాయింపజేసి పెట్టారు. గిటారు వాయించిన ర్యాండీ రోడ్స్ 1982లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఇరవయ్యేళ్ల కిందట చనిపోయినవాడి గిటారుకు, అతడు ఎన్నడూ కలిసి వాయించని వాళ్ల తాళం. కూలీ అడిగినవాణ్ణి పనిలోంచి తీసేయడం మనకు కొత్త కాదు. అతను ఇరవయ్యేళ్ల కిందట చేసి ఇచ్చిన పనిలోంచి కూడా అతన్ని తీసేయవచ్చునని నాకు ఈ సీడీలు చూసేదాకా తెలియదు. 2011 ప్రతుల్లో అసలు వాద్యాన్ని తిరిగి పెట్టారు. కాని 2002లో కొన్నవాళ్ల ఇళ్లలో ఆ సీడీలు అలాగే వున్నాయి. ధ్వని నాణ్యం మాత్రమే కొలిస్తే వాటికి మంచి మార్కులు కూడా రావచ్చు.

మనకు కూడా ఈ వ్యవహారం బొత్తిగా కొత్త కాదు. 1957 నాటి "మాయాబజార్" 2010లో రంగులద్దుకుని, ధ్వనిని చుట్టూ స్పీకర్లలోకి పంచుకుని మళ్లీ థియేటర్లకు వచ్చింది. జనం సంతోషంగా చూశారు. నేనూ చూశాను. తెలుపు నలుపుల ప్రతి దొరుకుతున్నంతకాలం ఆ సంతోషంలో తప్పు లేదు.

ఇప్పుడు భయం అక్కడే. మా కుర్రాడి తరంవాళ్లు సీడీలు కొనరు, ఫోనులో వింటారు. ఫోనులో వినిపించే సంస్థలు చాల రికార్డులకు ఒకే ప్రతిని, చివర వచ్చినదాన్ని, వుంచుతాయి. కొత్త ప్రతి వచ్చిన రోజున పాతది చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఏది మాయమైందో, ఎవరు ఏ టేపునుంచి ఏం చేశారో చెప్పే పీఠిక వుండదు. పుస్తకాల షాపులో పాత ముద్రణ ఎక్కడో ఒక మూల మిగులుతుంది. ఇక్కడ మూలే లేదు. ఇందులో ఒక వింత కూడా వుంది. ఈ సంస్థల్లో చాలవరకు అన్ని పాటలనూ తామే కొలిచి, ఇంచుమించు ఒకే ధ్వనికి దించి వినిపిస్తాయి. మేం గదిలో చేసిన పనే. అంచేత గట్టిగా చేసినందువల్ల ఇప్పుడు ఎవరికీ పైస లాభం లేదు. నరికిన శిఖరాలు మాత్రం తిరిగి మొలవవు.

కుర్రాడు ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌మీద పాత సీడీలు వెతుకుతున్నాడు. ఎవరూ అడగని 1980ల నాటి సీడీలు చవగ్గా దొరికినప్పుడల్లా పట్టుకొస్తాడు. ఒక పుస్తకంలో ఏ ప్రతి ఏ సంవత్సరానిది, ఎవరు మాస్టరు చేశారు, ఏ టేపునుంచి చేశారు అని తెలిసినంతవరకు రాసుకుంటున్నాడు. అందులో చాల గడులు ఖాళీగానే వున్నాయి. కంపెనీలు ఆ పేర్లు అట్టమీద వేయకపోవడమే కారణం.

మొన్న అతన్ని వెంటబెట్టుకుని సికింద్రాబాదులో ఒక పాత మిత్రుడి ఇంటికి వెళ్లాను. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. 1970లలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో గిటారు వాయించేవాడు. ఇంగ్లండు వెళ్లిన చుట్టం ఒకాయన తెచ్చి ఇచ్చిన "బెగర్స్ బాంక్వెట్" రికార్డుతో పాటు వాయిస్తూ నేర్చుకున్నాడు. మేం 2002 ప్రతిని వినిపించి, వేగం దిద్దిన సంగతి చెప్పాం. ఆయన సగం పాట విని, తన గిటారు తెచ్చి తీగలు మీటి చూపించాడు. అన్నీ మామూలు శ్రుతికంటె ఒక వెంట్రుకవాసి కిందికి వున్నాయి. యాభై ఏళ్లుగా అలాగే వుంచుకున్నాడట. తోటి వాద్యకారులు, నీ గిటారు ఎప్పుడూ మాతో కలవదేమిటయ్యా అని తిట్టేవారట. "అదా సంగతి!" అని పగలబడి నవ్వాడు. తీగలు బిగించి కొత్త ప్రతితో కలిపి ఒకసారి వాయించాడు. తరువాత వాటిని మళ్లీ వదులు చేసి, పాత రికార్డు పెట్టమన్నాడు. కుర్రాడు పుస్తకం తీసి ఆ రెండు శ్రుతులూ రాసుకున్నాడు.